భోగ్యం ఇంటికి వేసిన తాళం

మార్చి నెలలో ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు, అనంతపురంలో ఒక ఇంటి గొళ్లేనికి బ్యాంకువాళ్లు నన్ను వేశారు. నేను ఒక తాళంకప్పను. ఒళ్లు ఇత్తడి, వంచిన కడ్డీ ఉక్కు. నా చుట్టూ గుడ్డ కట్టి, లక్క కరిగించి పోసి, ముద్ర కొట్టారు. ఆఫీసరు ఫొటో తీశాడు. ఫొటోలో నేను ముందున్నాను, ఇల్లు వెనక ఉంది.

మంగళవారం ఎవరూ గృహప్రవేశం చేయరు. జప్తుకు వారం చూడరు.

నేను అలీగఢ్‌లో పుట్టాను. మూసలో ఇత్తడి పోసినవాడు ఒకడు, ఆకురాయి పట్టినవాడు మరొకడు. తాళంచెవి చేసినవాడు వేరే వీధిలో ఉండేవాడు. నేను కప్పనని, అది నా చెవి అని తెలుగు నేలకు వచ్చాకే తెలిసింది. నేను ఒకచోట వేలాడతాను, నా చెవి ఇంకొకరి జేబులో ఉంటుంది. అయినా నాకు అన్నీ వినబడతాయి. మనుషులకు రెండు చెవులూ తలకే ఉంటాయి. వాళ్ల సంగతి వేరు.

మొదట ఒక వేరుశనగ మిల్లు గోదాముకు ఉన్నాను. మిల్లు అప్పులో మునిగింది. బ్యాంకు దాన్ని జప్తు చేసినప్పుడు నన్నూ జప్తు చేసింది. ఆ తరవాత బ్యాంకు కొలువులోనే ఉన్నాను.

ఈ ఇల్లు దివాకర్ అనే అతనిది. బోర్లు వేసే లారీ నడిపేవాడు. ఇంటి మీద బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. ఆ తరవాత మిద్దె మీది వాటాను షమీమ్ అనే ఆమెకు భోగ్యానికి ఇచ్చాడు. భోగ్యమంటే ఇంటాయనకు ఒక మొత్తం ఇచ్చి, బాడుగ లేకుండా ఉండటం. ఖాళీ చేసే రోజు ఆ మొత్తం తిరిగి తీసుకోవడం. బ్యాంకు అప్పు సంగతి ఆమెకు అతను చెప్పలేదు. ఆమె అడగలేదు. బోర్లలో నీళ్లు పడలేదు, అప్పు తీరలేదు, దివాకర్ ఊరు విడిచాడు. ఎక్కడికన్నది నిర్ధారణ కాలేదు.

షమీమ్ జాకెట్లు కుడుతుంది. బ్యాంకు కింది వాటాకే తాళం వేసింది. పైన మనిషి ఉంది కాబట్టి అక్కడికి వెళ్లలేదు. మధ్యాహ్నాలు ఆమె మిషను చప్పుడు కప్పు దాటి, గోడ దిగి, తలుపులోకి వచ్చేది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. మూసలో ఉన్నప్పటి రోజులు కలలోకి వచ్చేవి. అప్పుడు నాకు ఆకారం లేదు. నేను దేన్నీ మూయలేదు. తలుపు కూడా కల కంటున్నట్టు ఉండేది. ఎండ ఎక్కితే సాగేది, దిగితే సర్దుకునేది.

ఒకరోజు ఒక చేయి నన్ను పట్టుకుని ఊపింది.

“తాళం గట్టిగానే ఉండాది మామా.”

అతను ఓబులేసు. మోటార్లకు కాయిల్ చుడతాడు. తండ్రి ఇచ్చిన చేను అమ్మి, ఆ డబ్బుతో వేలంలో ఇల్లు కొనాలని వచ్చాడు. ఇంతకుముందు ఇల్లు కొన్నవాడు కాదు. వెంట ఉన్న పెద్దమనిషి వన్నూరప్ప. జప్తు ఇళ్లు కొని, బాగుచేసి అమ్మడం ఆయన పని.

“ఇల్లు చూసేకి వచ్చినావా, తాళం చూసేకి వచ్చినావా?” అన్నాడు వన్నూరప్ప. “తలుపు కాడ నిలబడితే తలుపే కనపడతాది. రోడ్డు మీదికి పో. పోయి పైకి చూడు.”

ఓబులేసు రోడ్డు మీదికి వెళ్లాడు.

“మామా, మిద్దె మీద బట్టలు ఆరేసినారు. ఎవురో ఉండారు.”

“ఉండారు. పేపర్లో ఏమని వేసినారు?”

“స్వాధీనం చేసుకున్నామని.”

“ఏది? ఈ తాళం ఏసిందా, పైదా? కింద ఇంకో ముక్క ఉంటాది, సదువు.”

ఓబులేసు జేబులోంచి కాగితం తీసి చదివాడు. “ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే.”

“అంటే ఆయమ్మ కూడా ఉన్నది ఉన్నట్టే నీకు వస్తాది. బ్యాంకోడు ఇల్లు అమ్ముతాడు. మనిషిని దించేది నీ తంటా.”

ఇద్దరూ మెట్లెక్కారు. మిషను ఆగింది.

“ఇల్లు కొనేకి వచ్చినారా?” అంది షమీమ్. “చెప్పులు ఇడిసి రాండి. ఇంకా మీది కాలేదు.”

వన్నూరప్ప నవ్వాడు. తరవాత ఆమె భోగ్యం రాయించుకున్న కాగితం చూశాడు. రిజిస్ట్రేషన్ లేదు. పైగా బ్యాంకు తనఖా తరవాతి తేదీ. ఇది బ్యాంకు ముందర నిలబడదని చెప్పాడు.

“తెలుసన్నా. వకీలు చెప్పినాడు. దిగమంటే దిగుతా. యాడికని మాత్రం అడగొద్దు.”

ఓబులేసు, వన్నూరప్ప కిందికి వచ్చి నా ముందు మెట్టు మీద కూర్చున్నారు.

“విను,” అన్నాడు వన్నూరప్ప. “ఇంటి పన్ను బాకీ నువ్వే కట్టల్ల. కరెంటు బాకీ నువ్వే. వెనక గోడ చెమ్మ పట్టింది, అదీ నీదే. ఆయమ్మను దించల్లంటే కోర్టు. ఎన్నాళ్లని చెప్పేకి కాదు. ఉంచుకుంటే బాడుగ. ఏదైనా లెక్కలో వేసుకో. పాటకు ముందర వేసుకో, పాట అయినాక కాదు. ముందు ధరావత్తని కొంత కడతావు. గెలిచి, మిగతాది గడువులో కట్టకపోతే అది బ్యాంకుదే. చేనూ పోతాది, ఇల్లూ రాదు.”

“నా పెండ్లాం లింగమ్మ ఏమనిందో తెలుసా మామా? చేనమ్మినావు కదా, ఇల్లు లేకుండా ఇంటికి రావొద్దు అనింది.”

“ఏ ఇంటికి?”

“బాడుగింటికే.”

“మరి మీ బాడుగింటాయన్ని అడగల్ల, రావొచ్చునో లేదో.”

వేలం రోజు కూడా వాళ్లు ఆ మెట్టు మీదికే వచ్చారు. ఇల్లు కళ్ల ముందుంటే ధైర్యంగా ఉంటుందన్నాడు ఓబులేసు. దాన్ని వేలంపాట అంటారు. మిల్లు సామాను అమ్మిన రోజు ఒకతను గొంతెత్తి ఒకటోసారి, రెండోసారి అని పాడటం విన్నాను. అదే పాట వస్తుందని ఎదురుచూశాను. ఎవరూ పాడలేదు. ఫోనులో అంకెలు మారాయి.

అంతకుముందే వన్నూరప్ప ఓబులేసు తువ్వాలు కొసన ముడి వేశాడు. “మనం అనుకున్న ధర ఇది. ముడి దాటొద్దు. వినాయకుని లడ్డు పాట కాదిది. ఆడ ఓడితే పౌరుషం పోతాది. ఈడ గెలిస్తే చేను పోతాది.”

ఓబులేసు ఊళ్లో మూడేళ్లు వరసగా లడ్డు పాడుకున్నవాడు.

అంకెలు పెరిగాయి. ఓబులేసు కూడా పెంచుతూ పోయాడు.

“ఎవురో నామీద పంతం పట్టినాడు మామా.”

“వానికి నువ్వెవురో తెల్దు. నీ పంతం నువ్వే పడుతుండావు.”

షమీమ్ టీ తెచ్చి మెట్టు మీద పెట్టింది.

“యాడికి వచ్చింది అన్నా?”

“ముడి కాడికి,” అన్నాడు ఓబులేసు.

ఆమెకు అర్థం కాలేదు. అక్కడే నిలబడింది. అంకె మరోసారి మారింది. ఓబులేసు బొటనవేలు ఫోను మీద ఉంది, రెండో చేయి తువ్వాలు ముడి మీద ఉంది. వీధిలో ఒక స్కూటరు వెళ్లింది. అతను ఫోను బోర్లా పెట్టి టీ గ్లాసు అందుకున్నాడు.

ఇల్లు వేరే ఎవరికో పోయింది.

“ఇంట్లో ఏం చెప్పల్ల మామా?”

“చేను దుడ్లు ఉండాయని చెప్పు.”

గెలిచినతను మరుసటి వారం కారులో వచ్చాడు. ఆఫీసరు లక్క పగలగొట్టి నన్ను తీశాడు. వంటగది బాగుందన్నాడు అతను. కారు తిప్పుకోవడానికి రోడ్డు మీదికి వెళ్లి పైకి చూశాడు.

“పైన ఎవరండీ?”

“ఉన్నది ఉన్నట్టే సార్. ప్రకటనలో వేశాం.”

“నేను ఫొటోలే చూశానండీ.”

అతను మిగతా డబ్బు కట్టలేదు. ధరావత్తు బ్యాంకుకు మిగిలింది. నా మీద మళ్లీ లక్క పోశారు. ధర తగ్గించి రెండో ప్రకటన వేశారు.

ఆ ప్రకటన వచ్చిన సాయంత్రం ఓబులేసు ఒక్కడే వచ్చాడు. చెప్పులు కిందనే విడిచి మెట్లెక్కాడు.

“నీ భోగ్యం దుడ్లు నేనియ్యలేనక్కా. అవి దివాకర్‌తోనే వసూలు చేసుకోవల్ల. కానీ దిగమనను. బాడుగ ఇయ్యి, ఉండు.”

“ఎంత?”

“ఇల్లు నాదైనాక చెప్తాలే.”

“ఇప్పుడే చెప్పన్నా. ఇల్లు నీదైనాక నువ్వు ఇంటాయనవైతావు.”

అతను ఒక మాట చెప్పాడు. ఆమె ఇంకో మాట చెప్పింది. రెండింటికీ నడుమ తెగింది. మిషను మళ్లీ మొదలైంది. నేను నిద్రపోయాను.

రెండో వేలంలో ధర ముడి దాకా రాలేదు. ఓబులేసు గడువులోపలే డబ్బు కట్టాడు. ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజు లింగమ్మ కూడా వచ్చింది. ఇల్లంతా తిరిగి, వెనక గోడ మీద చేయి పెట్టి, “చెమ్మ కదా ఇది?” అంది. “లెక్కలో వేసినాం,” అన్నాడు ఓబులేసు. ఆఫీసరు నన్ను తీసి సంచిలో వేసుకున్నాడు.

ఇప్పుడు నేను బ్యాంకు వెనక గదిలో ఒక రేకు డబ్బాలో ఉన్నాను. డబ్బాలో ఇంకా చాలా తాళాలున్నాయి. ఏ తాళం ఏ ఇంటిదో వాటికి గుర్తుంది. నిద్రలో వీధుల పేర్లు పలుకుతుంటాయి. నా కలలోకి ఇప్పుడు ఇత్తడి రావడం లేదు, మిషను వస్తోంది.

పోయిన వారం అటెండరు తిప్పేస్వామి మరో తాళం కోసం డబ్బా వెతికాడు. దివాకర్ ఇంటి మీదుగా వచ్చానని ఆఫీసరుతో చెప్పాడు. ఓబులేసు కుటుంబం కింద చేరింది. షమీమ్ పైన ఉంటోంది. దివాకర్ జాడ తెలియలేదు. ఇంటికి కరెంటు మీటర్లు రెండు పెట్టారు.