పెడలు మింగిన చప్పుడు

ఆ ఇంట్లో పుష్ప చేసే చప్పుళ్లలో ఎవరూ వద్దననిది జొన్నరొట్టె చరిచే చప్పుడొక్కటే. తెల్లారకముందే ఆమె పిండిముద్దను చరుస్తుంటే, మంచంలో అటూ ఇటూ దొర్లే అత్త చాంది ఆ చప్పుడును బట్టే పొద్దెంతైందో పోల్చుకునేది. అదే చెయ్యి గిటారు తీగను తాకిందంటే మాత్రం, "ఏందే పుష్పా ఆ టంగు టంగు? తలకాయల మేకు కొట్టినట్టున్నది" అని లోపలినుంచి కేకేసేది. ఆవిడ చెడ్డమనిషేమీ కాదు. మోకాళ్ల నొప్పులతో నిద్ర పట్టని మనిషి. ఆ సంగతి తెలుసు కాబట్టే పుష్ప ఎదురు చెప్పేది కాదు. తీగల మీద అరచెయ్యి వేసి వాటి నోరు మూసేది.

ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో, హాస్టల్లో ఒక సీనియర్ అమ్మాయి దగ్గర నేర్చుకున్న గిటారు అది. భర్త కోటేష్‌కు పుష్ప నచ్చిందీ దానివల్లనే. అతనికి ములకలపల్లిలో ఆర్కెస్ట్రా ఉంది, కీబోర్డు వాయిస్తాడు. "గిటారిస్టు కోసం ఊళ్లు తిరిగే పని తప్పింది, ఇంట్లనే దొరికింది" అని పెళ్లిలో దోస్తులతో చెప్పుకుని నవ్వాడు. పుష్ప కూడా నవ్వింది. ఇంట్లో దొరికినదానికి వేళాపాళా ఉండదని ఆమెకు తర్వాత అర్థమైంది. పొద్దున రొట్టెలు, ఆ తర్వాత మండలాఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, సాయంత్రం మళ్లీ పొయ్యి. ప్రోగ్రాం ఉన్న రోజు ఆ పొయ్యి ఆర్పీ ఆర్పకముందే వ్యాన్‌లో స్పీకర్ బాక్సుల మధ్య ఇరుక్కుని కూర్చోవాలి. ఆఫీసులో ఆమె తయారు చేసిన రిపోర్టులు సార్ల సంతకాలతో పైకి పోతాయి, పైనుంచి మెప్పు సార్లకే దిగుతుంది. స్టేజీ మీదైనా వేరుగా ఉంటుందని మొదట్లో అనుకునేది.

ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించే పెద్దాయన చూపు మందగించి రావడం మానేశాక, కోటేష్ ఎక్కడినుంచో ఒక చిన్న ఇనుప డబ్బా తెచ్చాడు. సబ్బుపెట్టె అంత ఉంది. పైన రెండు నాబ్‌లు, కాలితో తొక్కడానికి ఒక మీట.

"ఇది పెడలు. నువ్వు తీగ కొట్టినవనుకో, ఆ కొట్టిన చప్పుడును ఇది మింగేస్తది. ఎనకనుంచి సౌండు మెల్లగ దానంతటదే లేస్తది, అచ్చం వయొలిన్ లెక్క. ఇగ చిటికెన వేలితోని గిటారు వాల్యూం తిప్పుకుంట కూసునే పనిలేదు" అన్నాడు.

ఆ సాయంత్రమే తొక్కి చూశారు. మొదటి స్వరం అతను చెప్పినట్టే మెత్తగా లేచింది. రెండోది మాత్రం మామూలుగా టంగుమంది. మూడోదీ అంతే. "డొక్కుది అంటగట్టిండ్రు" అని కోటేష్ దాన్ని మూలకు నెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం పుష్ప దాన్ని మళ్లీ తీసింది. ఎన్నిసార్లు వాయించినా అదే వరస. ఒక స్వరం లేస్తుంది, తక్కినవి టంగుటంగుమంటాయి. విసుగొచ్చి గబగబా వాయిస్తూ పోతుంటే లోపలినుంచి అత్త "పుష్పా!" అంది. అలవాటు చొప్పున తీగల మీద అరచెయ్యి పడింది. వెళ్లి మంచినీళ్లిచ్చి వచ్చి, నిలబడే ఒక తీగ మీటింది. ఎక్కడో అడవి లోపల మొదలై దగ్గరికి వస్తున్నట్టు ఆ స్వరం నిండుగా లేచింది. మళ్లీ చెయ్యి వేసి ఆపింది, మళ్లీ మీటింది. మళ్లీ లేచింది. అప్పుడు అర్థమైంది, డబ్బాలో ఏ లోపమూ లేదు. ఒక స్వరం పూర్తిగా ఆగితేనే అది ఇంకొకదాన్ని మొదటినుంచి లేపుతుంది. తనే ఎక్కడా ఆగలేదు. పప్పు ఉడికేలోపు గిన్నెలు, గిన్నెలు ఆరేలోపు బట్టలు, ఒక పని తోక పట్టుకుని ఇంకో పని. ఆ చేతులకు గిటారు మీద మాత్రం ఆగడం ఎలా తెలుస్తుంది? ఆ మధ్యాహ్నం ఆమె స్వరాల మధ్య ఊరికే ఉండటం నేర్చుకుంది. ఆ కాస్త జాగాలో ఊపిరి తీసుకునేది. రోజు మొత్తంలో ఎవరూ పిలవని చోటు అదొక్కటే. పైగా అత్త గుమ్మం దాకా వచ్చి, "గిది మంచిగున్నది, చెవులకు తాకుతలేదు" అని మెచ్చుకుని పోయింది.

ఇల్లందులో ఒక రిసెప్షన్‌లో పాట మధ్యలో వచ్చే వయొలిన్ సోలోను ఆ పెడలుతో పుష్ప మొదటిసారి వాయించింది. స్టేజీ ముందుభాగాన రంగు లైట్ల కింద కోటేష్, వెనక స్పీకర్ బాక్సు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పుష్ప. పాట అయ్యాక ఒకాయన స్టేజీ ఎక్కి కోటేష్‌ను కావలించుకున్నాడు. "గా వయొలిన్ బిట్టు ఏం వాయించినవ్ అన్నా! ఏ కీబోర్డు నీది?"

"అంతా ప్రోగ్రామింగ్ అన్నా" అన్నాడు కోటేష్, నవ్వుతూ.

మర్నాడు పొద్దున చాయ్ అందిస్తూ అడిగింది. "గాయన మెచ్చుకున్నప్పుడు నా పేరు చెప్తే ఏమైతుండె?"

"ఇంటి మనిషిని ఇంటోళ్లే పొగుడుకుంటరా? పేరు ట్రూపుకే గదా పోయేది. మనకు నీది, నాది అని ఉంటదా?"

నీదీ నాదీ లేనప్పుడు ప్రతిసారీ అది నీదే ఎట్లయితది అని అడగబోయింది. పెనం మీద రొట్టె మాడు వాసన వేసింది. అటు తిరిగింది.

ఆ తర్వాతి ప్రోగ్రాంలనుంచి కోటేష్ ఒక కొత్త పని మొదలుపెట్టాడు. సోలో రాగానే కీబోర్డు సౌండు పూర్తిగా తగ్గించి, కళ్లు మూసుకుని, కీబోర్డు మెట్ల మీద ఉత్తుత్తిగా వేళ్లు ఆడించేవాడు. తీగ కొట్టిన చప్పుడు ఎలాగూ వినబడదు కాబట్టి, స్వరం ఆ వేళ్లలోంచే వస్తున్నట్టుండేది. వెనకనుంచి పుష్పకు అతని వీపు, తాళానికి ఊగే తల కనబడేవి. మొదటిసారి నవ్వొచ్చింది. తర్వాత నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఆ వీపు వైపు చూడటం మానేసి తీగల మీదికే తల వంచుకునేది.

మండలాఫీసులో సూపరింటెండెంట్ లచ్చిరాం సారు రిటైర్మెంట్‌కు కోటేష్ ట్రూప్‌నే పిలిచారు. పక్క సీట్లో పనిచేసే వనజ ముందురోజే పట్టుకుంది. "నువ్వు గిటార్ వాయిస్తవంట, మొన్న పెండ్లిల ఎంత చెవి పెట్టినా వినపడలేదేందే? నిజంగనే వాయిస్తవా, చీర మంచిగ కనపడుతదని పట్టుకుంటవా?"

"వాయిస్త."

"రేపు ఏది నీదో నాకు తెల్వాలె మరి. సైగ చెయ్యి."

మధ్యాహ్నం భోజనాలకు ముందు, షామియానా కింద అందరూ కూర్చుని ఉన్నారు. ముందు వరుసలో మోకాళ్లు పట్టుకుని అత్త, మూడో వరుసలో వనజ. సోలో వచ్చింది. కోటేష్ కీబోర్డు సౌండు తగ్గించి కళ్లు మూసుకున్నాడు. పుష్ప మీటింది, ఆగింది, మీటింది. స్వరాలు మెత్తగా లేస్తున్నాయి. లచ్చిరాం సారు కోటేష్ వైపు చూసి మెప్పుగా తలూపుతున్నారు. వనజ మెడ సాచి వెతుకుతోంది. కోటేష్ వేళ్లను చూసింది, అతని ముఖాన్ని చూసింది, చేతులు తిప్పి 'ఏదీ?' అన్నట్టు పుష్పను చూసింది.

పుష్ప తీగల మీద అరచెయ్యి వేసింది. పాటలో ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపే ఉంచింది. అడుగున ఎలక్ట్రానిక్ డ్రమ్ము ఆక్టోప్యాడ్ తాళం ఒక్కటే నడుస్తోంది. చెప్పు విడిచి, కాలి బొటనవేలితో పెడలు ఆపేసింది.

టంగ్.

షామియానా ఆ చివరనుంచి ఈ చివరదాకా వినబడింది. కోటేష్ చేతులు మెట్ల మీదనే ఉన్నాయి, కదలడం లేదు. వెనక్కి తిరిగి పళ్లు బిగించి, "పెడలు... పెడలు తొక్కు!" అన్నాడు. ముందు వరుసలో అత్త ఉలిక్కిపడి, "అది మా కోడలు చప్పుడే" అంది పక్కామెతో, కొంచెం గట్టిగానే.

మూడో వరుసలో వనజ లేచింది. తన ప్లాస్టిక్ కుర్చీని గరగర ఈడ్చి, స్పీకర్ బాక్సు వైపు తిప్పుకుని కూర్చుంది.

పుష్ప పాదాన్ని పెడలు మీదనుంచి తీసి చెప్పులో పెట్టుకుంది. మళ్లీ తీగ కొట్టింది.