పుక్కిలించిన నీళ్లు

2025 నవంబరు 8, రెండో శనివారం. మధ్యాహ్నం మూడున్నరకు తార్నాకలోని మా ఇంట్లో, బియ్యప్పిండితో కాల్చే సర్వపిండి తిన్నాను. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ప్రవళిక మొదటిసారి చేసింది. అంచులు మాడినా, వాళ్లమ్మ చేతి రుచి తగిలింది. రెండు ముక్కలు తిన్నాకగానీ గుర్తు రాలేదు, ఆ రోజు నేను తినకూడదని.

మగవాళ్ల నోట్లో చేరే ఒక వైరస్‌ను టీకా ఆపగలదా అని యూనివర్సిటీలో పరీక్షిస్తున్నారు. నా భార్య బాలలక్ష్మిని తీసుకుపోయిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం ఆ వైరస్సే. అందుకే చేరాను. నాకు వేసింది టీకానో ఉత్త ఉప్పునీళ్లో నాకు తెలియదు, నర్సు భారతమ్మకూ తెలియదు. మూడేళ్లలో ఒక్కసారీ వెళ్లడం తప్పలేదు. ఇక చివరిసారి పుక్కిలించి ఉమ్మిన నీళ్లు ఇవ్వాలి. మూడు గంటల ముందు నుంచి నోట్లో ఏమీ వేసుకోకూడదు. గడువు ఆ రోజే ఆఖరు. ఐదింటికి గది మూసేస్తారు.

నాలుగింటికి ప్రవళికతో కలిసి వెళ్లాను.

"ఏమన్న తిన్నవా అన్నా?" ఫారం ముందు పెట్టుకొని అడిగింది భారతమ్మ.

లేదనడం ఎంతసేపు?

"తిన్న సిస్టర్. మూడున్నరకు."

ఆమె కలం ఆగింది. "ఇన్నేండ్లు తిరిగి, ఇయ్యాల్నే తిన్నవా?" అని గడియారం చూసింది. ఉన్నదున్నట్టు రాసుకుంది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. "అన్నం మీరే వండుకోండ్రి. నాకు ఏడైతది."

బయట బెంచీ మీద కూర్చున్నాం. మా ఆఫీసులో పనిచేసే యోహాను అటుగా పోతూ మమ్మల్ని చూసి, రెండు చాయ్ గ్లాసులతో వచ్చాడు.

"ఆడోళ్ల టీకా పని ఇంక అయిపోలేదా? చాయ్ తాగు."

ప్రవళిక అడ్డం వచ్చింది. "మా నాయిన నోటికి ఆరున్నర దాక తాళం, మామా. నాకియ్యి."

"నువ్వేంది, కాపలానా?"

"అవ్. పిండి తినిపిచ్చింది నేనేగా."

యోహాను నవ్వి ఆమెకు ఒక గ్లాసు ఇచ్చాడు. నాకు వాసన తగలకుండా తన చాయ్ దూరంగా వెళ్లి తాగొచ్చాడు.

ఆరున్నరకు పుక్కిలించాను. అర నిమిషం ప్రవళిక వేళ్ల మీద లెక్కపెట్టింది. నీళ్లు ఉమ్మిన సీసా మీద పేరుండదు, అంకె మాత్రమే. ఆమె దాన్ని పైకెత్తి చూసి, "గిది మా నాయిన" అంది. బాలలక్ష్మి ఉంటే ఇలాగే అనేదేమో.

భారతమ్మ సీసాను ఐసు పెట్టెలో సర్ది, లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.