లోపలి నుంచి తలుపు తెరవడం ఎలా

పిన్ని తాళాల కొట్టుకు ఉన్న వెబ్‌సైట్‌ను బాగుచేసే పని పిచ్చుక నెత్తిన పడింది. పిచ్చుక అసలు పేరు కాదు. పుట్టినప్పుడు గొంతు మరీ సన్నగా ఉండేదని పెట్టిన ముద్దుపేరు, ముప్పై దాటినా వదల్లేదు. మొన్నమొన్నటి దాకా ఒక ప్రకటనల కంపెనీలో పనిచేసేది. ఎవరైనా నెట్‌లో చెప్పుల కోసం వెతికితే తమ ఖాతాదారుడి చెప్పులే ముందు కనబడేలా చూడటం ఆమె పని. ఆ కంపెనీ మూతపడ్డాక, ఇంకో ఉద్యోగం దొరికేదాకా అని పిన్ని పక్కన వచ్చి కూర్చుంది.

పిన్నికి కావలసింది ఒక్కటే.

"'తాళాలు బాగుచేసేవాళ్ళు' అని కొడితే ముందు మన కొట్టు రావాలే. ఇప్పుడు ఆ మలుపులో ఉన్నవాడిది వస్తోంది. వాడికి తాళంకప్పకీ తాళంచెవికీ తేడా తెలీదు!"

"వస్తుంది పిన్నీ. రెండు మూడు నెలలు ఓపిక పట్టు."

"నెలలా? ఇనప్పెట్టెలే అరగంటలో తెరుస్తాను నేను."

కొత్త మాటలకు ర్యాంకు తెచ్చే ముందు, ఇప్పటికే ఏ మాటలు కొట్టిన వాళ్ళకు తమ సైట్ కనబడుతోందో చూడాలి. పిచ్చుక ఆ రిపోర్టు తెరిచింది. ఎడమవైపు జనం వెతికిన మాటలు, కుడివైపు ఆ మాటకు తమ సైట్ ఎన్నో స్థానంలో వచ్చిందో ఉంటుంది. ఒక్క మాటకు మాత్రం కొట్టు మొదటి స్థానంలో ఉంది: 'పడకగది తలుపుకు బయటి గడియ'. ఎప్పుడో పిన్ని ఒక ఇత్తడి గడియ ఫొటో పెట్టి, కింద అచ్చంగా ఆ మాటలే రాసిందట. పిచ్చుక నవ్వుకుంది. పోటీ లేనిచోట గెలవడం తేలిక.

కిందికి దిగుతూ పోగా నలభై ఏడో స్థానంలో ఇంకో మాట కనబడింది: 'లోపలి నుంచి తలుపు తెరవడం ఎలా'.

చూసి దాటేసింది. దాటేసిన కాసేపటికి వేళ్ళు ఆగిపోయాయి. ఎవరైనా సెర్చ్ ఫలితాలు తిప్పుతూ అక్కడిదాకా వస్తేనే ఆ స్థానం రిపోర్టుకెక్కుతుంది. నలభై ఏడంటే ఐదో పేజీ. చెప్పులు కొనేవాళ్ళు మొదటి పేజీ కూడా పూర్తిగా చూడరు. తలుపు తెరవడం కోసం ఎవరో ఐదో పేజీ దాకా వెళ్ళారు. ఒకసారి కాదు, ప్రతిరోజూ.

మర్నాడు మాటలు మారాయి. 'బయట గడియ పెడితే లోపలి నుంచి'. ఆ తర్వాతి రోజు, 'చప్పుడు కాకుండా తలుపు తెరవడం'.

పిచ్చుక తనే ఆ మాటలు కొట్టి చూసింది. తలుపులమ్మే కంపెనీలు వచ్చాయి. వడ్రంగి పని రేట్లు వచ్చాయి. ఒకాయన గొడ్డలితో తలుపు పగలగొడుతూ పగలబడి నవ్వే వీడియో వచ్చింది. పేజీ మీద పేజీ తిప్పినా అన్నీ తలుపుకు బయట నిలబడ్డవాళ్ళ కోసం రాసినవే.

"ఎవడో దొంగవెధవ అయ్యుంటాడు. చప్పుడు కాకుండా అంటే ఇంకేంటి మరి?" అంది పిన్ని, తాళంచెవిని ఆకురాయితో రాస్తూ.

"దొంగకి లోపలి నుంచి తెరవాల్సిన పనేంటి పిన్నీ?"

ఆకురాయి ఆగింది.

"చేతిలో ఫోనుంది కదా. ఎవరికైనా చెయ్యొచ్చుగా?"

"ఫోన్ చేస్తే మాట్లాడాలి. మాట్లాడితే బయటికి వినబడుతుంది."

పిన్ని ఆకురాయి కింద పెట్టింది. తర్వాత లేచి కొట్టు వెనక గది తలుపు దగ్గరికి పిచ్చుకను లాక్కెళ్ళింది.

"ఇదిగో, గది తలుపులు చాలావరకూ లోపలికే తెరుచుకుంటాయి. అలాంటివాటికి తలుపు తిరిగే ఈ ఇనప బందులు కూడా లోపలివైపే ఉంటాయి. ఈ బందు మధ్యలో నిలువుగా సీల ఉంది చూశావా? కింద నుంచి పైకి తోస్తే వచ్చేస్తుంది. గరిటె కాడ చాలు. మూడు సీలలూ తీశావనుకో, బయట ఎంత లావు గడియ ఉన్నా తలుపు ఇటుపక్క నుంచి ఊడొస్తుంది."

"ఇది రాస్తే దొంగలకి నేర్పినట్టు కాదూ?"

"బయట నిలబడ్డవాడికి బందులే కనబడవు కదే, పిచ్చిమొహమా!"

ఆ రోజు నుంచి పిన్ని మలుపులో వాడి సంగతే ఎత్తలేదు. పిచ్చుక కొత్త పేజీ మొదలుపెట్టింది. పేజీ పేరుగా ఎవరో కొట్టిన ఆ మాటలనే అక్షరం మార్చకుండా పెట్టింది. సిగ్నల్ సరిగా అందని మూలలో, పాత ఫోనులో కూడా వెంటనే తెరుచుకోవాలని ఫొటోలు మానేసి గీతల బొమ్మలు వేసింది. చదువుతుండగా ఎవరైనా వస్తే ఒక్క నొక్కుతో వాతావరణ వార్తలకు మారిపోయే బటను పైన పెట్టింది. చూసిన గుర్తులు ఫోనులోంచి ఎలా చెరపాలో రాసింది. ఆడవాళ్ళ సహాయ కేంద్రం నంబరు వేసింది. ఆ కేంద్రం నడిపే ఆవిడకు ఫోన్ చేసి మీ సైట్ నుంచి మా పేజీకి లింకు ఇస్తారా, అలా నమ్మకమైన చోటి నుంచి దారి ఉంటే సెర్చ్ ఇంజన్ పైకి తెస్తుంది, అని అడిగింది.

"ఇస్తాను. చప్పుడు గురించి ఇంకాస్త రాయండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళకి తలుపు కన్నా చప్పుడంటేనే భయం," అందావిడ.

సీలకు నూనె చుక్క వెయ్యాలని, గరిటెకు గుడ్డ చుట్టాలని, కింది సీల ముందు తీసి పైది చివర తియ్యాలని పిన్ని చెబుతుంటే పిచ్చుక రాసింది.

గడియ పేజీని ఏం చెయ్యాలన్న దగ్గర ఇద్దరికీ మాట పడలేదు.

"తీసేద్దాం పిన్నీ. లోపలుంచేవాళ్ళకి మనం మొదటి స్థానం, లోపలున్నవాళ్ళకి నలభై ఏడు."

"తీసేస్తే వాళ్ళు ఇంకొకడి దగ్గర కొంటారు. ఉండనీ. నా దగ్గరికే రానీ. మొహాలు చూస్తాను."

కొత్త పేజీ మెల్లగా పైకి పాకింది. ముప్పైకి వచ్చి కదలనని మొండికేసింది. ఇతర ఊళ్ళ వడ్రంగులను, తాళాలవాళ్ళను బతిమాలి లింకులు పెట్టించాక మళ్ళీ కదిలింది. ఈలోగా పిచ్చుకకు ఇంట్లో తలుపులంటే పడకుండా పోయింది. స్నానాల గదికి వెళ్ళినా వారగా తెరిచే ఉంచేది. "ఈ వయసులో ఇదేం చోద్యమే?" అని తల్లి కసిరేది. ప్రతి ఉదయం మొహం కడుక్కోకముందే రిపోర్టు చూసేది. ఆ మాటలు ఉంటే గుండెలు బరువెక్కేవి, లేకపోతే ఆగినంత పనయ్యేది. రిపోర్టులో పేరుండదు, ఊరుండదు. అయినా ఎవరో గోడకవతల ఊపిరి బిగపట్టి కూర్చున్నట్టే ఉండేది.

పేజీ నాలుగో స్థానానికి చేరిన రోజు మొదటి క్లిక్ పడింది. ఒకే ఒక్కటి. మర్నాడు ఆ మాటలు లేవు. ఆ మర్నాడూ లేవు.

"వెళ్ళిపోయుంటుంది," అంది పిన్ని.

"ఫోను లాక్కుని కూడా ఉండొచ్చు."

పిచ్చుక రిపోర్టు మూసేసింది.

వారం తిరక్కుండానే ఒకాయన కొట్టుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. సంచిలోంచి మూడు బందులు తీసి బల్లమీద పేర్చాడు. మూడింటికీ సీలలు లేవు.

"ఇలాంటివే కావాలండి. కాకపోతే సీల ఊడిరాని రకం."

పిన్ని ఒక బందును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నూనె మరక ఇంకా మెరుస్తోంది.

"గడియ మీ దగ్గరే కొన్నానండి. నెట్‌లో చూసి వచ్చాను. బాగా గట్టిది," అన్నాడాయన.

"లోపల ఏముంటుందండీ?"

"మా కుక్క. కాస్త అల్లరిది."

"కుక్క బందులు ఊడదీసిందా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో తడబాటు లేదు. "ఇప్పుడు లేదులెండి, తప్పిపోయింది. ఎక్కడికి పోతుంది? దొరుకుతుంది."

"ఆ రకం తెప్పించాలి. ఇవి నమూనాగా ఉంచి, అడ్రసూ నంబరూ రాసి వెళ్ళండి," అంది పిన్ని, మామూలు గొంతుతోనే.

ఆయన గుండ్రటి అక్షరాలతో రాసిచ్చి వెళ్ళాడు. మెట్లు దిగి మలుపు తిరిగేదాకా పిన్ని కదల్లేదు. తర్వాత స్టూలు మీద కూలబడింది.

పిచ్చుక సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, ఆయన అన్నదంతా చెప్పి, అడ్రసు చదివింది.

"మా దగ్గర ఎవరున్నారో నేను చెప్పకూడదమ్మా. ఆ అడ్రసు మాత్రం మాకు తెలుసు. అతను వెతుకుతున్నాడన్నారే, మాకు కావలసిన మాట అది. ఈ పూటే చోటు మారుస్తాం. పోలీసులొస్తారు. ఆ బందులు వాళ్ళకి తప్ప ఎవరికీ ఇవ్వకండి."

సాయంత్రం పోలీసామె వచ్చి ఇద్దరి చేతా వాంగ్మూలం రాయించుకుని, బందుల్ని కవరులో వేసి తీసుకెళ్ళింది. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. "ఇంకా రాలేదండీ," అంది పిన్ని రెండుసార్లూ. మూడోసారి ఫోన్ రాలేదు. అరెస్టు చేశారని తర్వాత తెలిసింది.

అంతటితో మనసు కుదుటపడుతుందని పిచ్చుక అనుకుంది. పడలేదు. పేజీ మొదటి స్థానానికి చేరింది. ఐదో పేజీలో ఉన్నప్పుడు అంతదూరం వచ్చిన ఒక్క మనిషే కనబడేది. ఇప్పుడు ఆ మాట కొట్టిన ప్రతి ఒక్కరూ లెక్కకొస్తున్నారు. రిపోర్టు తెరిస్తే వరస ఆగడం లేదు. అందరూ గడియ పడినవాళ్ళు కాకపోవచ్చు. తాళం పాడైన వాళ్ళుంటారు, పిల్లలు లోపల ఇరుక్కున్న వాళ్ళుంటారు. ఎవరు ఎవరో చెప్పే గడి మాత్రం రిపోర్టులో లేదు.

ఒక ఉదయం కొత్త మాట కనబడింది: 'బందులు బయటవైపు ఉంటే'.

పిచ్చుక చదివి వినిపించింది. పిన్ని చేతిలో పని పక్కన పెట్టి, బయటికి తెరుచుకునే, బందులు బయటే ఉన్న సామాన్ల గది ముందు నిలబడింది. తలుపును పైకీ కిందికీ చూసింది. ఒక గరిటె, వెన్నకత్తి తీసుకుని లోపలికి వెళ్ళింది.

"గడియ వెయ్యి."

"పిన్నీ, ఊరికే చేరవేస్తే చాలదూ?"

"చాలదు. వాళ్ళకేం ఊరికే చేరవేశారా? వెయ్యి. నేను పిలిచినా తియ్యకు."

పిచ్చుక గడియ వేసింది. లోపల కొంతసేపు ఏ సద్దూ లేదు. తర్వాత చెక్కను గీరుతున్న చప్పుడు సన్నగా మొదలైంది.