సగం బరువుకి కట్టిన లిఫ్టు

లిఫ్టులో మనుషులు ఇరుక్కోవడం మామూలే. వాళ్ళని బయటికి తీయడానికి వెళ్ళిన మెకానిక్కే ఇరుక్కుంటే ఏమవుతుందో ఆ రోజు ఆ పాత భవనంలో ఉన్నవాళ్ళందరూ కళ్ళారా చూశారు.

అక్కడ మెషిన్ రూమ్ పైకప్పు మీద ఉంది. దాంట్లోకి వెళ్ళాలంటే ఇనప నిచ్చెన ఎక్కి, కప్పులో ఉన్న చదరపు కంతలోంచి దూరాలి. మన మెకానిక్ పాతికేళ్ళుగా ఇలాంటి కంతల్లో ఎలుకలా దూరి వస్తున్నవాడే. తోటివాళ్ళు ఆయన్ని టన్నన్న అని పిలిచేవారు, ఆయనా పలికేవాడు. ఆ రోజు తలా భుజాలూ పైకి వెళ్ళాయి. పొట్ట మాత్రం నేను రానని మొండికేసింది. కాళ్ళు కింద, తల పైన. లిఫ్టులో ఇరుక్కున్న పెద్దావిడ "బాబూ, ఎంతసేపు" అని అడుగుతూనే ఉంది. ఆయన నీళ్ళు నములుతూనే ఉన్నాడు. చివరికి జోడీ పనివాడు, పుల్ల అనే బక్కమనిషి, కాళ్ళు పట్టుకుని కిందికి లాగి, తనే పైకెక్కి ఆవిడని విడిపించాడు.

మర్నాడు సూపర్‌వైజర్ పిలిచాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే చుట్టూ తిప్పి చెప్పడం తెలియని మనిషి.

"అన్నా, రెండు నెలలు టైమిస్తా. అదే కంతలోంచి దూరి చూపించు. లేదంటే ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చో. జీతం అదే, తగ్గదు."

జీతం సంగతి ఎవడికి కావాలి? ఫోన్ల దగ్గర కూర్చోవడమంటే పొద్దస్తమానం "మీ ఫిర్యాదు నమోదైంది" అనుకుంటూ బతకడం. మోటారు చప్పుడు విని జబ్బేమిటో చెప్పగల మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని భార్యకి చెప్పాడు.

ఆమె దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, మెడలో ఎప్పుడూ కొలతటేపు. మొగుడి దిగులంతా శ్రద్ధగా విని ఒక్క ప్రశ్నే అడిగింది.

"కంత కొలతెంత?"

ఆయన చెప్పాడు. ఆమె పెద్ద అట్ట తీసుకుని, సరిగ్గా ఆ కొలతకి నడిమిన చదరంగా కత్తిరించి, వంటింటి గుమ్మానికి అడ్డంగా బిగించింది. "ప్రతి ఆదివారం ఇందులోంచి దూరాలి. అట్ట చిరక్కుండా దూరిన రోజు మీ ఉద్యోగం మీది" అంది. మొదటి ఆదివారం ఆయన మోకాళ్ళ మీద వంగి దూరబోతే అట్టతో సహా వంటింట్లోకి వచ్చిపడ్డాడు. ఆమె పడీ పడీ నవ్వి, మళ్ళీ అట్ట కత్తిరించింది.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆ సాయంత్రమే ఇంట్లో చక్కెర డబ్బా ఖాళీ, బిస్కెట్ల డబ్బా ఖాళీ. సందు చివర బేకరీ ముందు నుంచి ఇంటికొచ్చే దారి కూడా మారిపోయింది, చుట్టూ తిరిగి రావాలి. ఉడికించిన కూరముక్కలు, సూపు, ఓ గుడ్డు, అంతే. టీలో కూడా తీపి లేదు. ఆ బేకరీవాడి చాక్లెట్ కేకు అంటే ఈ మనిషికి ఎంత ప్రాణమో పెళ్ళిచూపుల నాటి నుంచీ ఆమెకి తెలుసు. తెలిసే మాన్పించేసింది.

ఆయనా నోరు కట్టేసుకున్నాడు. మొదట్లో బరువు దిగింది కూడా. తర్వాత ఏమైందో ఏమో, బరువు చూసే మిషను ముల్లు కదలడం మానేసింది. పైగా ఓ వారం పైకే జరిగింది. ఆమెకి అంతుబట్టలేదు. ఓ రోజు పని నుంచి వచ్చి తువ్వాలు అందుకుంటున్న ఆయన చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"మీ చేతులకి గ్రీజు వాసన రావాలి కదా. వనిల్లా వాసనేంటి?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇక దాచి లాభం లేక అంతా చెప్పేశాడు. ముక్క కాదు, ఏకంగా అర కేకు. అదీ ఒక్కసారి కాదు. మామూలు తలుపులున్న వేరే భవనాల మెషిన్ రూముల్లో పనిముట్ల పెట్టె మూత మీద పెట్టుకుని, నమలకుండా మింగేశాడట. తిన్నాక తన మీద తనకే అసహ్యం వేసి, మర్నాడంతా కడుపు మాడ్చుకునేవాడట. మాడ్చుకున్న సాయంత్రం కాళ్ళు వాటంతట అవే బేకరీ వైపు లాగేవట.

"మీకోసం నేనింత చేస్తుంటే" అంది ఆమె. వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. కోపం కన్నా బాధే ఎక్కువ. ఆ తర్వాత ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప ఉలుకూ పలుకూ లేదు.

అలా మూతి ముడుచుకుని ఉన్న రోజుల్లోనే వాళ్ళుండే భవనంలో లిఫ్టుకి బ్రేకు సరిచేసే పని పడింది. అక్కడ మెషిన్ రూమ్‌కి మామూలు తలుపే, భోజనం డబ్బా ఆమే పైకి తీసుకొచ్చింది. మాట్లాడకుండా పెట్టి వెళ్ళిపోదామనుకుంది. కానీ ఈయన అప్పుడే చేత్తో మీట ఎత్తి బ్రేకు వదిలాడు. కరెంటు తీసేసి ఉంది, లిఫ్టులో ఎవరూ లేరు. అయినా పెద్ద చక్రం మెల్లగా తిరగడం మొదలుపెట్టింది, తాళ్ళు జరిగాయి. ఆమె అలకని మర్చిపోయింది.

"కిందికి పడిపోతోందా?"

"పైకి పోతోంది."

"ఖాళీ లిఫ్టు పైకెందుకు పోతుంది?"

ఎవరైనా పనిగురించి అడిగితే ఈయనకి ప్రాణం లేచొస్తుంది. మీట దించి, చక్రం ఆపి, గోడ వైపు చూపించాడు.

"లిఫ్టుకి ఇటు చివర మనుషులెక్కే పెట్టె. తాడుకి అటు చివర గోడ వెనకాల ఇనప దిమ్మల బరువు. ఇది దిగితే అది ఎక్కుతుంది. ఎవరికీ కనపడదు. మోసే పనిలో సగం దానిదే."

"అయితే అది పెట్టెకి సమానంగా ఉండాలి కదా?"

"అందరూ అక్కడే పప్పులో కాలేస్తారు. ఖాళీ పెట్టెకి సమానంగా కడితే, జనం నిండా ఎక్కిన రోజు మోటారు చస్తుంది. నిండుకి కడితే ఖాళీగా ఉన్న రోజు చస్తుంది. అందుకని పెట్టె బరువుకి, ఎక్కే జనంలో ఇంచుమించు సగం కలిపి కడతాం. అప్పుడు ఖాళీగా ఉన్నదే అల్లరిది. బ్రేకు కాస్త వదిలితే చాలు, పైకి లేచిపోతుంది."

ఆమె డబ్బా మూత తీయబోయి ఆగింది. లోపలున్న ఉడికించిన ముక్కల వైపు చూసింది. మొగుడి వైపు చూసింది.

"నేను మిమ్మల్ని ఖాళీ చేసేశానండీ."

"ఏమిటీ?"

"తీపన్నది లేకుండా ఖాళీ చేసి, బ్రేకు మాత్రం గట్టిగా బిగించాను. కాస్త వదలగానే బేకరీ దాకా ఎగిరిపోయారు. పోరూ మరి?"

ఆయనకి ఆ మాట వినగానే గుండెల మీంచి దిమ్మ దించినట్టయింది. తను బుద్ధిలేని తిండిపోతునని ఇన్నాళ్ళూ కుమిలిపోతున్నాడు పాపం.

అక్కడే మెషిన్ రూమ్‌లో కూర్చుని కొత్త ఒప్పందం చేసుకున్నారు. మామూలు రోజుల్లో కాస్త కడుపు నిండేట్టు తిండి. ఆదివారం సాయంత్రం ఒక ముక్క కేకు. అట్టలోంచి దూరినా దూరకపోయినా ముక్క ముక్కే.

"దూరితేనే పెట్టు, బహుమతిగా ఉంటుంది" అన్నాడాయన ఉదారంగా.

"అక్కర్లేదు. దూరని రోజు మళ్ళీ దొంగతనానికి పోతారు."

ఆ ఆదివారం ఆయన కేకు ముక్కని ప్లేటులో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, చెంచాతో తిన్నాడు. ఎంత రుచిగా ఉందో. నిలబడి మింగిన అర కేకుల రుచేమిటో ఆయనకి అసలు తెలియనే లేదు. ఆమె ఎదురుగా చప్పటి టీ తాగుతూ కూర్చుంది. బేకరీ ముందు నుంచే ఇంటికి రావడం మళ్ళీ మొదలైంది, అద్దంలోని కేకులకి "ఆదివారం కలుద్దాం" అని మనసులో చెప్పుకుని సాగిపోయేవాడు. ముల్లు కిందికి కదిలింది. అట్ట ముందు కొంచెం చిరిగింది, తర్వాత ముడత పడింది, ఆ తర్వాత ఊరికే ఊగింది.

గడువు రోజు రానే వచ్చింది. ఖర్మ కాకపోతే అదీ ఆదివారమే.

"ఇవాళ కేకు వద్దు. పొట్ట ఉబ్బుతుందేమో" అన్నాడు.

"తిని వెళ్ళండి. ఇవాళ మానేస్తే రేపు నాలుగు తింటారు. మీ సంగతి నాకు తెలీదూ?"

భయపడుతూనే పొద్దున్నే తిని వెళ్ళాడు. సూపర్‌వైజరూ పుల్లా నిచ్చెన కింద నిలబడ్డారు. తల వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి, పొట్ట దగ్గర టక్కున ఆగిపోయింది. కేకు తిని కొంప ముంచుకున్నానా అనుకున్నాడు. అటూ ఇటూ తడిమి చూసుకుంటే తగులుకున్నది పొట్ట కాదు, బెల్టు బకిల్. విప్పి కిందికి వదిలేశాడు. అది సరిగ్గా సూపర్‌వైజర్ బూటు మీద పడింది. బెల్టు లేకపోయినా ప్యాంటు జారలేదు, ముందురోజే భార్య నడుము దగ్గర బిగించి కుట్టింది. మరుక్షణం కాళ్ళు కూడా పైకి మాయమయ్యాయి. పైనుంచి మోటారు తిరిగిన చప్పుడు వినిపించింది.

"సోమవారం నుంచి ఏ ఫోనూ ఎత్తక్కర్లేదులే అన్నా" అన్నాడు సూపర్‌వైజర్ బూటు దులుపుకుంటూ.

పుల్ల కొనిచ్చిన కేకు పెట్టె పట్టుకుని మెట్లన్నీ ఎక్కి ఇంటికొచ్చాడు. సంగతి చెప్పగానే ఆమె కళ్ళు మెరిశాయి. కుట్టుమిషను మీద ఏదో బట్ట పక్కల్లోకి బిగించి కుడుతోంది.

"ఎవరిదది? ఆదివారం కూడా పనేనా?"

"నాదే. వదులైపోయింది."

ఆయన అప్పుడు చూశాడు భార్యని. బుగ్గలు తగ్గాయి. చెయ్యి సన్నబడింది. ఇన్ని ఆదివారాలూ బల్ల మీద ఒక్క ప్లేటే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ కేకు ఆమెకి కూడా ప్రాణమే. పెళ్ళిచూపులు ముగిశాక ఇద్దరూ పోటీపడి తిన్నది ఆ బేకరీలోనే.

"నువ్వెందుకు మానేశావు?"

"నా ప్లేటు కూడా పక్కనుంటే మీ కళ్ళు దాని మీదే ఉండవూ?"

"తినాలనిపించలేదా?"

"ఎందుకనిపించదు. నోట్లో నీళ్ళూరేవి." దారం తెంపింది. "అయినా గోడ వెనకాల ఉన్న బరువు ఎవరికి కనిపిస్తుంది లెండి."

నవ్వుతూనే అంది. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. పాతికేళ్ళుగా కనపడని ఆ బరువుని నమ్ముకునే తాళ్ళ మధ్య పనిచేసినవాడు, ఇంట్లో దాన్ని చూడలేకపోయాడు. సిగ్గేసింది. అంతకు మించి ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"నాదే తప్పు. ఇక నుంచి రెండు ప్లేట్లు" అన్నాడు.

"పొద్దున్నే మీ వంతు తిన్నారు కదా?"

"ఇది పొద్దున్నది కాదు. నీ బాకీ."

వంటింటి గుమ్మంలో ఇంకా వేలాడుతున్న అట్టలోంచి దూరి వెళ్ళి, రెండు ప్లేట్లు తెచ్చాడు. ఆమెకో పెద్ద ముక్క కోసి, తనకి వేలెడంత కోసుకున్నాడు. ఆమె మెడలోని టేపు తీసి రెండు ముక్కల్నీ కొలిచింది. తనది బాగా పెద్దదని తేలింది. ఆ ప్లేటుని తనవైపుకి లాక్కుంది.