ఇనోకె బావ అడుగుతాడని

ముందు మా ఇనోకె బావ గురించి చెప్పాలి. ఆ రోజు లంబాసా పట్నం కొట్లో మేము పెద్ద కంప్యూటరు కొనడంలో అతనికీ వాటా ఉంది, పాపం అతనికి తెలియకుండానే.

ఇనోకె నా మేనమామ కొడుకు. తీరం మలుపు అవతలి ఊళ్ళో ఉంటాడు, పడవలో అరగంట. మా దగ్గర అయినవాడు ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, ఫలానాది నాకు కావాలి అంటే కాదనే నోరు ఎవరికీ ఉండదు. కెరెకెరె అంటాం దాన్ని. అడగడంలో తప్పు లేదు, ఇవ్వకపోవడమే తప్పు. రేపు మనమూ వెళ్ళి అడగవచ్చు, అదీ నిజమే. కానీ ఇనోకె బావ అడిగినన్నిసార్లు నేను జన్మలో ఎవరినీ అడగలేదు. నా పెళ్ళికి మా పెద్దమ్మ పెట్టిన ఇనప దేగిసా అతని వంటింట్లో ఉంది. మా ఆయన పడవ ఇంజను అతని పడవకి ఉంది. ఒకసారి నా తలలో దువ్వెన చూసి "బాగుందే మరదలా" అన్నాడు. తీసి ఇచ్చేశాను. అప్పటికే అతనిది బట్టతల.

తొరికా నా మనవరాలు, నా కొడుకు సవెనదా కూతురు. దాని మూడో ఏట తల్లి పోతే నా దగ్గరే పెరిగింది. పన్నెండేళ్ళ దాకా నాతోపాటు పగడపు దిబ్బ మీదకి వచ్చేది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మా ఆడవాళ్ళం బుట్టలు నడుముకి కట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో వెళ్తాం. ఆ దిబ్బ మీద ప్రతి రాయికీ ఒక పేరుంది. ముసలమ్మ వీపు, అత్తగారి పన్ను, అలిగిన పిల్ల, ఇలాగ. నా చిన్నప్పుడు మా అమ్మ చెప్పినవి నాకు ఒక్కటీ పోలేదు. బడికి నాలుగేళ్ళే వెళ్ళాను, తలలో చోటు మిగిలిపోయింది మరి. అవన్నీ తొరికాకి చెప్పేదాన్ని. అది రాయి మీద నిలబడి పేరు అరిచేది.

తర్వాత దాని కాళ్ళలో బలం తగ్గసాగింది. మొదట రాళ్ళ మీద పడేది, తర్వాత ఇసుక మీద, ఆ తర్వాత ఇంట్లో చాప అంచు తగిలి. లంబాసా ఆసుపత్రిలో డాక్టరమ్మ సవెనదానీ నన్నూ గది బయటికి పిలిచి చెప్పింది. కండరాల జబ్బట. కాళ్ళ తర్వాత చేతులు, చేతుల తర్వాత ఊపిరి. మందు లేదు. తిరుగు బస్సులో, ఊరు దగ్గర పడ్డాక మా అబ్బాయి, "కాళ్ళ దాకానేనమ్మా, చేతులకి రాదు" అన్నాడు. డాక్టరమ్మ అలా అనలేదు. నేను ఊ అన్నాను.

ఆ ఏడే వాడు కొండ మీద కావా మొక్కలు నాటాడు, దంచి నీళ్ళలో కలిపి తాగే ఆ వేరుకి మంచి ధర. అవి ఎదుగుతున్న నాలుగేళ్ళూ తొరికా కుర్చీలో కూర్చుని దిబ్బ బొమ్మ గీసేది. తను ఎక్కలేని రాళ్ళన్నీ ఒక్క కాగితం మీద, పేర్లతో సహా. బడిలో గోడకి పెడతామని పంతులమ్మ కూడా అంది. కానీ పదహారో ఏడు వచ్చేసరికి పెన్సిలు దాని వేళ్ళలోంచి జారిపోవడం మొదలైంది. బడిలో కంప్యూటరు మీద గీసి చూసింది. మీటలు నొక్కడానికి అంత బలం అక్కర్లేదు. సవెనదా వెంటనే కొండెక్కి కావా అంతా పీకి, వేర్లు ఎండబెట్టి అమ్మి, మమ్మల్ని లంబాసా తీసుకెళ్ళాడు.

కొట్లో అమ్మాయి పేరు షకీలా. చక్కటి పిల్ల. తొరికా చక్రాల కుర్చీకి దారి కోసం ఖాళీ పెట్టెలన్నీ తనే జరిపింది.

"ల్యాప్‌టాపా ఆంటీ, డెస్క్‌టాపా?" అని రెండూ చూపించింది. ఒకటి పుస్తకంలా మూసుకుంటుంది, ఒళ్ళో పెట్టుకోవచ్చు. రెండోది టీవీలాంటిది ఒకటి, దాని పక్కన ఇనప పెట్టె ఒకటి, మీటల పలక ఒకటి, అన్నిటికీ తోకల్లాగా తీగలు. "రెండూ పట్టుకెళ్ళండి, గొడవే ఉండదు" అని నవ్వింది.

"రెండూ కావాలంటే కొండని కూడా పీకి అమ్మాలి తల్లీ" అన్నాడు సవెనదా.

తొరికా చిన్నదాని మీద చెయ్యి వేసి ఉంచింది. "ఇది నాన్నా. పడుకుని కూడా గీసుకోవచ్చు."

"పడుకోవడం దేనికే? బల్ల చేస్తాను. దర్జాగా కూర్చుని గీసుకో."

"ఎప్పుడైనా. అలసిపోతే."

"అలసిపోతే మానెయ్యి. మర్నాడు కూర్చుని గియ్యి."

నవ్వుతూనే అన్నాడు, కానీ వాడి పై పెదవి మీద చెమట పట్టింది. అప్పుడు నేను నోరు తెరిచాను. పిల్ల తరఫున తెరవాల్సిన నోరు. "ఇదా? ఇది మీ ఇనోకె తాత చంకలో పట్టేస్తుందే. వచ్చే ఆదివారానికల్లా ఆయన ఇంట్లో ఉంటుంది. అదిగో, ఆ మూడు పెట్టెలైతే ముసలాడు మోయలేడు."

సవెనదా పగలబడి నవ్వాడు. ఇనోకె ఎవరో తెలియకపోయినా షకీలా కూడా నవ్వింది.

తొరికా వాళ్ళ నాన్న ముఖం వైపు చాలాసేపు చూసింది. చూసి, చెయ్యి తీసేసింది. "పెద్దదే బాగుంది నాన్నా. బొమ్మ పెద్దగా కనిపిస్తుంది" అంది.

ఆ పిల్లకి అంతా తెలుసు. డాక్టరమ్మ మాతో మాట్లాడిన రోజు ఆ గది తలుపు ఓరగా ఉంది. అది కూర్చోలేని రోజుల కోసం అడిగింది. అలాంటి రోజులు రావన్నాడు వాళ్ళ నాన్న. వాడి మాట వాడికి మిగల్చడానికి అది ఒప్పుకుంది. ఇదంతా నాకు తర్వాత తట్టింది కాదు. ఆ కొట్లో, అది చెయ్యి తీసిన క్షణంలోనే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. ఇనోకె బావ పేరు చెప్పి నన్ను నేను సమాధానపరచుకున్నాను.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. చక్రాల కుర్చీలోంచి పిల్ల చేతులకి సరిగ్గా అందేలా సవెనదా బల్ల కాళ్ళు మూడుసార్లు కోశాడు. మధ్యాహ్నం ఆడవాళ్ళు దిబ్బ నుంచి తడిబట్టలతోనే వచ్చి మా కిటికీ దగ్గర నిలబడేవాళ్ళు.

"ఇవాళ అత్తగారి పన్ను దగ్గర ఆక్టోపస్ దొరికిందే తొరికా. రాసుకో."

"పన్నుకి ఏ పక్కన అక్కా?"

"ఎడమ."

"ఎడమేంటి నీ మొహం, ఎండ వీపుకి తగిలింది కదా, కుడి" అని పక్కావిడ.

"నా వీపు సంగతి నీకేం తెలుసు?"

వాళ్ళు తేల్చుకునేదాకా తొరికా మీట మీద వేలు పెట్టుకుని కూర్చునేది. ముఖం వెలిగిపోయేది.

ఇనోకె బావ కూడా వచ్చాడు. మూడు పెట్టెల చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదేంటే మరదలా, దీన్నెలా ఎత్తుకెళ్ళేది? కావాలనే కొన్నారు కదూ."

"నీ నడుం నొప్పి గుర్తొచ్చి కొన్నాం బావా."

"నా నడుం బాగానే ఉంది. నీ బుద్ధికే వంకర." అని, కర్రపెండలం, కొబ్బరిపాల చేప తిని, వెళ్ళేటప్పుడు ఒక అరటిగెల అడిగి పట్టుకెళ్ళాడు. పోయేముందు తొరికా పక్కన కూర్చుని వాళ్ళ వైపు రాళ్ళ పేర్లు మూడు చెప్పాడు. వాటిలో ఒకటి బూతు. తొరికా అదీ రాసింది.

వానాకాలంలో దాని మెడ నిలవడం మానేసింది. తువ్వాలుతో కుర్చీకి కట్టాం. అది జారిపోయేది. ఈస్టరు నాటికి పరుపు మీదకి వచ్చేసింది. అక్కడి నుంచి చూస్తే దానికి కంప్యూటరు వెనకవైపు, తీగలు మాత్రం కనిపించేవి. సవెనదా అన్నిటినీ నేల మీదకి దించాడు. చామదుంపల పెట్టె బోర్లించి దాని మీద తెర పెట్టాడు. పిల్ల పక్కకి తిరిగి పడుకుని, ఒక భుజం కింద నలుగుతూ గీసింది. పది పన్నెండు రోజులు. భుజం ఒరిసి పుండు పడింది. దగ్గు పట్టుకుంది.

"కొన్నాళ్ళు ఆపుతా నాయనమ్మా" అంది. బయటి వైపు దిబ్బ, అలలు విరిగే వైపు, అసలు మొదలే పెట్టలేదు.

మర్నాడు సవెనదా తోటకి వెళ్ళాక అడగడానికి వెళ్ళేవాళ్ళు ముందు పెట్టాల్సిన కావా వేరు కట్ట ఒకటి పట్టుకుని నేను పడవెక్కాను. ఇనోకె బావ దగ్గర ల్యాప్‌టాప్ ఒకటుంది. సువా నగరంలో ఉన్న మేనల్లుణ్ణి అడిగి తెచ్చుకున్నాడు, ఇంకెలా వస్తుంది. గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని వేరు ముందు పెట్టాను.

"బావా, అడగడానికి వచ్చాను."

"నువ్వా? ఏభై ఏళ్ళకి నోరు పెగిలిందన్నమాట. ఏం కావాలి, నీ దేగిసాయేనా?"

"తొరికా ఇంక కూర్చోలేదు బావా. నీ దగ్గర ఆ ఒళ్ళో పెట్టుకునే..."

నన్ను పూర్తి చేయనివ్వలేదు. లోపలికి వెళ్ళి, దాన్ని తన చర్చి చొక్కాలో చుట్టి, తీగతో సహా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మరి ఆ రోజు ఇలాంటిదే కొనాల్సింది కదే" అన్నాడు.

చెప్పేశాను. కొట్లో ఏమన్నానో మాట పొల్లుపోకుండా చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. ఎప్పుడూ నవ్వే మనిషే.

"నిన్ను అడిగాను" అన్నాడు. "మీ ఆయన్ని అడిగాను. నువ్వు తిడతావని అడిగాను మరదలా, తిడితే వినాలని. ఆ పిల్లది అడుగుతానా నేను?"

నేను ఒళ్ళో ఉన్న చొక్కా మూటని దగ్గరికి లాక్కున్నాను.

"అంత మాట ఎలా అనుకున్నావే" అని, లేచి, పడవని తనే నీళ్ళలోకి తోశాడు. నేను మలుపు తిరిగేదాకా మోకాళ్ళ లోతులో అలాగే నిలబడి ఉన్నాడు.

ఇంటికి తెచ్చి దాన్ని తొరికా పొట్ట మీద పెట్టాను. తెర వైపు చూసి నవ్వింది. మూడు నాలుగు ఊపిర్లు తీసింది. "కొంచెం తీయవా నాయనమ్మా. గాలి అందట్లేదు."

సాయంత్రం సవెనదా వెదురుతో పీట చేశాడు, ఒంటికి తగలకుండా అటూ ఇటూ నిలబడేది. బరువు పోయింది. కానీ చేతులు పీట మీదకి లేవలేదు. నేనే ఎత్తి వేళ్ళు మీటల మీద పెట్టాను. పెట్టిన చోటే ఉన్నాయి. నువ్వు చెప్పు, నేను నొక్కుతాను అన్నాను. నాకు వచ్చిన చదువు పాటల పుస్తకంలో వరస తప్పకుండా ఉండటానికే సరిపోతుంది. ఒక మధ్యాహ్నమంతా కష్టపడి ఒక్క పేరు కొట్టాను. అదీ సముద్రంలో పడింది, దిబ్బకి ఆమడ దూరంలో. తొరికాకి నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, ఆ దగ్గు చీకటి పడేదాకా తగ్గలేదు. మళ్ళీ ఆ పని చేయలేదు.

"నాన్నకి చెప్పకు" అంది.

అందుకని రోజూ వాడు తోట నుంచి వచ్చే వేళకి నేను పీట వేసి, ల్యాప్‌టాప్ తెరిచి, దాని చేతులు ఎత్తి మీటల మీద పెట్టేదాన్ని. వాడు గుమ్మంలోంచే అడిగేవాడు.

"ఎంతయిందే?"

"బయటి వైపు మొదలెట్టా నాన్నా."

"చూపించు మరి."

"అయ్యాక చూడు."

వాడు సంతోషంగా స్నానానికి వెళ్ళేవాడు. నీళ్ళ చప్పుడు వినగానే చేతులు దించి, కొబ్బరినూనె రాసి, వేళ్ళు ఒక్కొక్కటీ ఒత్తేదాన్ని. చల్లగా ఉండేవి.

జూన్‌లో ఒక పొద్దున్న, ఆడవాళ్ళు దిబ్బకి బయల్దేరుతున్నప్పుడు, తొరికా పోయింది. వాళ్ళు బుట్టలు దించేసి మా ఇంట్లోకి వచ్చారు. ఆ నెలంతా ఆ దిబ్బ మీద ఎవరూ అడుగు పెట్టలేదు.

పదో రోజు దాటి చుట్టాలంతా వెళ్ళాక, సవెనదా ల్యాప్‌టాప్ తీసుకుని నా పక్కన చాప మీద కూర్చున్నాడు. ఇనోకె పెదనాన్నకి తిరిగిచ్చే ముందు బయటి వైపు బొమ్మని పెద్దదాంట్లోకి ఎక్కిస్తానన్నాడు. రెండూ కలిపి పంతులమ్మకి ఇద్దామన్నాడు. నేను ఆపేలోపే తెరిచాడు.

తెర నిండా ఒకటే అక్షరం. వరస కింద వరస, పేజీ కింద పేజీ. అక్కడక్కడ పక్క మీట అక్షరం ఒకటి.

"బయటి వైపేదమ్మా?" అన్నాడు.

చెప్పాను. చేతులు నేనే ఎత్తి పెట్టేదాన్నని, వాడు స్నానానికి వెళ్ళగానే దించేదాన్నని.

"ఏ వేలు ఇది?"

"కుడిచేతి చూపుడు వేలు నాయనా."

వాడు మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాడు. అక్కడి నుంచి ఒక్కో వరసా వేలు పెట్టి చదివేవాడిలా మెల్లగా కిందికి దిగసాగాడు. నేను పక్కనే కూర్చున్నాను. చాలా పేజీలున్నాయి.