సంచిలో చోటు లేదు

పోగు తెగింది.

చెవికి వినిపించదు. వేలికి తెలుస్తుంది.

ఉదయశ్రీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. నడుము కింద నేల, నడుము పైన మగ్గం. తెగిన పోగును ముడేసింది. రాలిన తునకను ఏరి బుట్టలో వేసింది. ఆ ఇంట్లో నేల మీద పోగు కనిపిస్తే ఎవరూ దాటరు. వంగి తీయాల్సిందే. అన్నం ముందు కూర్చున్నా సరే, లేచి తీయాల్సిందే. ఆమె పుట్టినప్పటి నుంచీ అంతే.

బయట మైదుకూరు ఎండ మండిపోతోంది. గుంటలో మాత్రం చల్లగా ఉంటుంది... ఆ చల్లదనమే ఆమెకు గిట్టదు.

కర్నూలులో బీఎడ్ సీటు వచ్చింది. రేపు, సోమవారం, చేరకపోతే పోతుంది. నిరుడు వచ్చిన సీటూ అలాగే పోయింది.

నిరుడూ ఇప్పుడూ నాయన ఇదే మాట అన్నాడు — "ఈ పడుగు ఒక్కటి కానీ పాపా."

నాయన నాగేశ్వరయ్య చెడ్డవాడు కాదు. మోకాళ్లు అరిగి గుంటలోకి దిగలేడు, అంతే. కానీ పడుగు, అంటే మగ్గానికెక్కించిన నిలువు పోగుల వరస, అయిపోవడమనేది ఆ ఇంట్లో జరగని పని. పాత పడుగు కొసలు మగ్గంలో ఉండగానే కొత్త పడుగు తెచ్చి, ఒక్కో కొసకు ఒక్కో పోగు అతికేస్తారు. పోగులన్నీ మొదటి నుంచి ఎక్కించే బాధ తప్పుతుంది. మంచి ఉపాయమే. ఎవరికి మంచిదో అడగకూడదు.

అయిపోతుంది... అయిపోతుంది... అతికేస్తారు.

మధ్యాహ్నానికి ఆ పడుగులో చివరి చీర కోసి దించింది. నాయన కునుకు తీస్తుంటే బజారుకు వెళ్లింది. బస్టాండు వెనక స్నేహితురాలు హరితకు కంప్యూటర్ల అంగడి ఉంది. సీటు కాగితం ప్రింటు తీయించుకోవాలి.

కాగితం ఇచ్చి హరిత ఆమె ముఖం చూసింది.

"ఏమే, పీనుగు ముందర కూర్చున్నట్ల ఉండావు? ఈ ఆట ఆడు. కొట్టు, రాలింది ఏరుకో. అంతే."

తెర మీద చీకటి నేలమాళిగ. గొడ్డలి పట్టిన ఆడమనిషి. మెట్లు దిగగానే వెనక తలుపు దభీమని పడింది.

ఏదో గురగురమంటూ వచ్చింది. కొట్టింది. చచ్చింది.

ఖణేల్‌మని ఉంగరం రాలింది.

ఆహా!

రోజంతా మగ్గంలో అటూ ఇటూ నాడె విసిరినా ఏమీ రాలని చేతులవి. ఇక్కడ దెబ్బకో సరుకు! తెల్లగా మెరిస్తే మామూలుది, నీలంగా మెరిస్తే మేలైనది, పసుపు మెరిసిందా, ఇక పండగే. ఉదయశ్రీ నవ్వింది. నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

కొట్టింది. రాలింది. ఏరింది.

కొట్టింది. రాలింది. ఏరింది.

విరిగిన కత్తి ఏరింది. చిల్లుపడిన చెప్పు ఏరింది. ఉన్నది ఒక్క తల, సంచిలో మాత్రం బోలెడు టోపీలు.

"ఆ చెత్తంతా ఎందుకే?" హరిత పడీపడీ నవ్వింది.

"కింద పడినాది కదా. ఎట్ల దాటేది?"

మెట్లు దిగింది. మళ్లీ మెట్లు. ప్రతి అంతస్తూ కొత్తదే... అవే గోడలు, వేరే మలుపులు. కిందకు, ఇంకా కిందకు. అడుగున కొమ్ములున్న పెద్దది లేచింది. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. అది కూలింది.

పచ్చటి రాయి ఒకటి రాలింది.

"అదే! ఊరికి తిరిగిపోయే రాయి. తీసుకుంటే బయటపడతావు!"

తీయబోయింది. తెర మీద అక్షరాలు మెరిశాయి:

సంచిలో చోటు లేదు.

మళ్లీ నొక్కింది.

సంచిలో చోటు లేదు.

"ఏదన్నా పారేయవే!"

తెర మీది బాణం గుర్తును చెప్పు మీదకు తెచ్చింది. ఎవరూ తొడగని చెప్పు. చిల్లుపడిన చెప్పు. వేలు ఆగిపోయింది... పారేయడానికి మనసు ఎంతకూ రాలేదు. ఈలోగా చీకట్లోంచి కొత్తవి వచ్చి మీద పడ్డాయి. గొడ్డలి మనిషి రాయి పక్కనే ఒరిగిపోయింది — సంచి నిండా సరుకుతో.

ఉదయశ్రీకి ఏడుపొచ్చింది. ఆటకు ఎవరైనా ఏడుస్తారా? ఆమె ఏడ్చింది.

"ఇంకోతూరి ఆడు. మళ్లీ మొదట్నుంచీ వస్తాది," అంది హరిత, భయపడి.

"మొదట్నుంచీ వద్దులే."

ఇంటికొచ్చేసరికి నాయన మేలుకున్నాడు. గడప దగ్గర మగ్గం పక్కన పీట వేసుకుని, కొత్త పడుగు ఒళ్లో పెట్టుకుని, పోగులు అతుకుతున్నాడు.

"వచ్చినావా పాపా? నేనే మొదలుపెట్టినా. నీకు పని తగ్గుతాదని."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ ప్రేమకు ఆమె కాళ్లు గుంటలో దిగినట్టు మళ్లీ చల్లబడ్డాయి.

లోపలికి వెళ్లి బట్టలు సర్దుకుంది. సీటు కాగితం పెట్టుకుంది. పాత పుస్తకాలు తీసి చూసి, అక్కడే ఉంచేసింది. సంచిలో చోటు మిగిలింది.

భుజాన తగిలించుకుని వచ్చింది. నాయన సంచిని చూశాడు. మళ్లీ పోగు అందుకోబోయాడు. వేళ్ల సందునుంచి ఒక పోగు జారి ఆమె పాదాల ముందు పడింది.

ఆయన వంగలేడు.

"పాపా... పోగు పడినాది."

"చూసినా నాయనా."

ఆమె వంగలేదు.

పోగు నేల మీద ఉంది, గడపకు ఇవతల, ఇంట్లోనే. ఆమె పాదాలూ ఇవతలే ఉన్నాయి. గాలికి పోగు కొస కొంచెం కదిలింది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

ఏదో తెగుతోంది...

చెవికి వినిపించదు. వేలికి తెలుస్తుంది.