పట్టపగలు దించిన షట్టర్

మెస్సక్క సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టింది. ఫొటో అడిగితే ఫొటో ఇచ్చింది, వేలిముద్ర అంటే వేలు చాపింది. మరిది కాగితాలు తిప్పుతూ "ఇక్కడ వదినా, ఇదిగో ఇక్కడ, కింద కూడా" అంటుంటే, పొయ్యి మీద కూర అడుగంటుతోందేమోనని అటు చూస్తూనే పెట్టేసింది. అడుగంటింది కూడా. ఆ వాసన ఆమెకి ఆలస్యంగా తెలిసింది. ఈ మధ్య అన్నీ ఆలస్యంగానే తెలుస్తున్నాయి. మొన్న బాణలి అంచు తగిలి చెయ్యి కాలితే, సాయంత్రం గిన్నెలు తోముతున్నప్పుడు బొబ్బ కనబడింది. ఓహో, కాలిందన్నమాట అనుకుని తోముడు కానిచ్చింది.

మొగుడు పోయినప్పటి నుంచీ ఇంతే. మొగుడు తాగి పోయాడు. దీన్ని చుట్టూ తిప్పి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా మెస్ పెట్టుకుని పదిమందికీ వండి పెట్టిన మనిషి, మధ్యాహ్నం వడ్డన అవగానే చేతులు తుడుచుకుని మూల మీది బార్‌లో పోయి కూర్చునేవాడు. కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. ఆస్పత్రిలో పడ్డాడు, లేవలేదు. ఇప్పుడు అదే మెస్‌లో మందు వడ్డించుకోడానికి లైసెన్సు ఇప్పించమని అప్లికేషన్. పెట్టింది ఆయన పెళ్ళాం.

సిగ్గులేదా అని అడిగేవాళ్ళు ముందు ఆ వీధిలో ఒక సాయంత్రం నిలబడి చూడాలి. షిఫ్టు వదిలితే గేట్లోంచి జనం బిలబిలమంటూ వస్తారు. మెస్ ముందు నుంచే నడుస్తారు. "ఏం మెస్సక్కా, బాగున్నావా" అంటారు. అని, మూల మీది బార్‌కి పోతారు. అక్కడ గ్లాసుతో పాటు ప్లేటూ దొరుకుతుంది. తాగేవాడు తాగిన చోటే తింటాడు. మెస్‌కి మిగిలింది మధ్యాహ్నం భోజనాలొక్కటే. ఇంటి ఓనరు ఊరుకుంటాడా? వచ్చే నెల నుంచి అద్దె పెంచుతాను, లేదంటే ఖాళీ చెయ్యండి, సెల్‌ఫోన్ల షాపువాడు అడుగుతున్నాడు అని ముఖం మీదే చెప్పేశాడు.

"మనమూ మందు పెడితే జనం ఇక్కడే ఆగుతారు వదినా. లేకపోతే మెస్ మూసుకోవడమే," అన్నాడు మరిది.

ఆమె సరే అంది. మూస్తే ఏమవుతుందో ఆమె ఎక్కువ ఆలోచించలేదు. ఒక్కటే తట్టింది. పొద్దున్నే షట్టర్ ఎత్తాలి కాబట్టి తను లేస్తోంది. ఎత్తడానికి షట్టర్ లేకపోతే లేవడం దేనికి?

లైసెన్సు మరిది పేరున కుదర్లేదు. అన్న పోయిన వారానికి వాడు బార్ మీదికి పోయి అద్దాలు పగలగొట్టాడు, కేసు పడింది. అద్దాలు పగలగొట్టిన వాడికి లైసెన్సు ఇవ్వకూడదని రూలుంది. మనిషికి నిండా పోసి పంపినవాడికి ఇవ్వకూడదని ఏ రూలూ లేదు, ఏడాదికేడాది రెన్యువల్ చేస్తారు. అందుకని వదిన పేరు.

అత్తగారికి చెప్పలేదు. ఆవిడ మేడ మీద ఉంటుంది. మోకాళ్ళు పోయాయి, కిందికి దిగి చాలా కాలమైంది. కోడలు పైకి కంచం తీసుకెళ్తుంది, ఖాళీ కంచం తెస్తుంది. ఆ మెట్ల మీద ఎన్నిసార్లు నోటిదాకా వచ్చినా మాట బయటికి రాలేదు.

ఇక నోటీసు. ఫలానా చోట మద్యం వడ్డించడానికి ఫలానా ఆవిడ అనుమతి కోరుతోంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు తెలియజేయవచ్చు అని ఎక్సైజు ఆఫీసువాళ్ళు అచ్చువేసిన కాగితం ఇచ్చారు. తనిఖీ అయ్యేదాకా దాన్ని దుకాణం ముందుభాగంలో, అందరికీ కనబడేలా అతికించి ఉంచాలి. సెలవు రోజు మరిది తీరిగ్గా మైదా జిగురు కాచాడు. గోడ చూస్తే పెచ్చులూడుతోంది. షట్టర్ నున్నగా, వెడల్పుగా, నీలం రంగులో ఉంది. దాని నడిమధ్య అతికించి, గుడ్డతో గాలిబుడగలు లేకుండా ఒత్తి, రోడ్డు దాటి అవతల నిలబడి చూసుకున్నాడు.

"పెళ్ళి శుభలేఖలా ఉంది కదా వదినా?"

"ఊఁ."

మర్నాడు తెల్లారకముందే ఆమె షట్టర్ ఎత్తింది. నోటీసు చుట్ట చుట్టుకుని పైన డబ్బాలోకి పోయింది. చీకటిపడి వీధి సద్దుమణిగాక దించింది. నోటీసు బయటికొచ్చింది. రోజూ ఇదే. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తెరిచిన దుకాణం ముందు నోటీసు లేదు, మూసిన దుకాణం ముందు జనం లేరు. ఆ కాగితం చదివింది ఆమె ఒక్కతే. ఎత్తేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి. అభ్యంతరం ఉన్నవాళ్ళు తెలియజేయవచ్చు. తాళం వేసుకుని మేడెక్కేది.

తనిఖీకి ఇన్‌స్పెక్టరు సరిగ్గా భోజనాల వేళకి దిగాడు. పొడుగ్గా, నీరసంగా, చంకలో ఫైలుతో ఉన్నాడు. టేపు పట్టి తలుపు వెడల్పు కొలిచాడు. బడి ఎంత దూరమో అడిగాడు. దగ్గర్లో బడి లేదని చెబితే రాసుకున్నాడు. లోపల బల్లల దగ్గర జనం తింటున్నారు. వాళ్ళ మధ్యలోంచి పోయి చేతులు కడిగే కుళాయి తిప్పి చూశాడు. బయటికొచ్చి గోడ చూశాడు, స్తంభం చూశాడు.

"నోటీసేదీ?"

"పైనుంది సార్," అన్నాడు మరిది.

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు. "పైనంటే? మేడ మీదా?"

"షట్టర్ మీద సార్. దించితే కనబడుద్ది."

"దించితే కనబడుద్దా! అంటే నీ కొట్టు కట్టేశాక దొంగలు చదువుకోడానికా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కోపంగా కూడా అనలేదు. "దించు. నేను నా కళ్ళతో చూడాలి. చూశానని రాయాలి."

"లోపల జనం తింటున్నారు సార్."

"తిననీ. నేనేం వాళ్ళ కంచం లాక్కుంటున్నానా?"

మరిది కొక్కెం వేసి లాగాడు. ఆ షట్టర్‌కి నూనె లేక ఎన్నాళ్ళయిందో, వీధి వీధంతా వినబడేలా గడగడమని దిగి నేలకి కొట్టుకుంది.

లోపల చీకటి. అందులోంచి వెల్డింగ్ తాత గొంతు వినబడింది. ఫ్యాక్టరీలో అందరికంటే పాత మనిషి, రోజూ ఆ మూల బల్ల మీదే తింటాడు.

"ఒరేయ్ చిన్నోడా! తిన్నాక పారిపోతామనా? పాత బాకీ ఉంటే అడగండ్రా, ఇలా జైల్లో పెడతారా!"

లోపల నవ్వులు. ఎవరో షట్టర్ మీద కంచంతో దరువేశారు.

మెస్సక్క బయట నిలబడి ఉంది. చేతిలో గరిటె అలాగే ఉంది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. వీధికీ తెలుసు. పనిరోజున ఆ షట్టర్ పట్టపగలు దిగింది అంతకుముందు ఒక్కసారే. ఆస్పత్రి నుంచి కబురొచ్చిన రోజు. ఆవేళ సగం తిన్నవాళ్ళు కంచాలు పట్టుకుని రోడ్డు మీదికొచ్చి, ఏం చెయ్యాలో తెలీక, నిలబడి మిగతా సగం తిన్నారు.

ఎదురు కొట్టు టైలరు మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. జిరాక్సు షాపావిడ వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు టైలరు గొంతు తగ్గించి. "నిన్న కూడా కిటికీలోంచి నన్ను తిట్టింది కదమ్మా, జాకెట్టు బిగుతు కుట్టానని."

"ఎవరు?"

"పెద్దావిడ."

"నేనింకా పోలేదురా, ముందా జాకెట్టు సరిచెయ్యి," అంది పక్క మెట్ల మీంచి పెద్దావిడ.

ఆవిడ దిగుతోంది. ఒక్కో మెట్టు మీద కూర్చుని, కాళ్ళు కిందికి జార్చి, మళ్ళీ కూర్చుని. చీర కొంగు మెట్ల దుమ్ముతో నిండిపోయింది. ముఖం మాత్రం జోక్ వేసిన ముఖంలా లేదు, పాలిపోయి ఉంది. మరిదిని చూసింది, కోడలిని చూసింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"షట్టర్ ఎందుకు దించారు? ఎవరు పోయారు?"

అప్పటికే టైలరు నోటీసు దగ్గరికి పోయి పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. చదివి వెనక్కి తగ్గాడు. జిరాక్సు షాపావిడ చదివి, మెస్సక్క వంక చూసి, చూపు తిప్పుకుంది.

"ఏం రాసుందందులో? అమ్మాయ్, నువ్వు చదువు. గట్టిగా," అంది పెద్దావిడ.

మెస్సక్క చదివింది. చూడకుండానే చదివింది, కంఠతా వచ్చేసింది కదా. తన పేరు కూడా ఎవరిదో అన్నట్టు చదివేసింది. లోపల దరువు ఆగిపోయింది. షట్టర్ అవతల వాళ్ళూ వింటున్నారు.

పెద్దావిడ చివరి మెట్టు మీద కూర్చుని ఇన్‌స్పెక్టరుని చూసింది. "అభ్యంతరం ఉంటే చెప్పమని ఉంది కదా నాయనా. ఎవరికి చెప్పాలి?"

"నాకే చెప్పొచ్చు పెద్దమ్మా. రాసుకుంటాను."

"రాసుకో. నా పెద్దకొడుకు తాగి చచ్చాడు."

ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. రాయలేదు. "కారణం రూల్సులో ఉన్నదై ఉండాలమ్మా. దగ్గర్లో బడి ఉందా? ఆస్పత్రి ఉందా? గుడో మసీదో ఉందా? రోడ్డుకి అడ్డమా?"

"నా కొడుకు..."

"కొడుకు పోయాడన్నది అందులో లేదమ్మా."

ఆ మాట అతను చెడ్డగా అనలేదు. అదే చెప్పుకోవాల్సింది. చెడ్డగా అంటే తిరగబడి కొట్టొచ్చు. అతను నిజమే చెప్పాడు. రూల్సులో బడి నుంచి దూరం ఉంది, కుళాయి ఉంది, తలుపు వెడల్పు ఉంది. టేపుకి అందేవన్నీ ఉన్నాయి. మనిషి లేడు. జనం అభ్యంతరం చెప్పడానికి నోటీసు పెట్టమంటారు, చెప్పిన అభ్యంతరం దూరడానికి మాత్రం సందు ఉంచరు.

"నేను అప్పుడే చెప్తే నువ్వు ఏడుస్తావని..." అని మరిది మొదలుపెట్టాడు.

"నువ్వు నోర్మూసుకోరా. బార్ అద్దాలు పగలగొట్టి బార్ పెడతావా?" అంది తల్లి. కోడలి వైపు తిరిగింది. "నీ పేరు రాసుంది. నువ్వు చెప్పు. నీకు కావాలా, ఒద్దా?"

ఆమెని ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. సంతకాలడిగారు. ఆమె చాలాసేపు వెతుక్కుంది. కోపం ఉందేమో, సిగ్గు ఉందేమో, ఏడుపు ఉందేమో అని. ఏదీ దొరకలేదు. ఉన్నదొక్కటే చెప్పింది.

"కావాలత్తయ్యా. ఇది మూసేస్తే పొద్దున్నే నేను దేనికి లేవాలి?"

పెద్దావిడ ఆ ముఖాన్ని చూస్తూ ఉండిపోయింది. రోజూ కంచం పట్టుకుని పైకొచ్చే ముఖమే. కొడుకు పోయాక వెలుతురులో చూడటం ఇదే మొదలు.

"అమ్మా, పప్పు చల్లారిపోతోంది, తెరుస్తారా లేదా?" అన్నాడు లోపల ఎవరో. "ఉండరా వెధవా," అన్నాడు వెల్డింగ్ తాత.

"సరే. ఇచ్చెయ్ నాయనా," అంది పెద్దావిడ. "ఇంకేమన్నా ఉన్నాయా నీ రూల్సులో?"

ఇన్‌స్పెక్టరుకి ప్రాణం లేచొచ్చింది. తెలిసినది అడిగారు కాబట్టి గడగడా చెప్పాడు. నీళ్ళుండాలి, మరుగుదొడ్డి ఉండాలి, లైసెన్సు ఫ్రేము కట్టించి కూర్చున్నవాళ్ళందరికీ కనబడేలా గోడకి తగిలించాలి.

"అందరికీ కనబడేలానా?"

"అందరికీ కనబడేలా. అది తప్పనిసరి."

"అయితే మెస్ గోడకున్న నా కొడుకు ఫొటో పక్కనే తగిలించాలి. ఆ గోడే అందరికీ కనబడుద్ది. ఫొటో తియ్యడానికి వీల్లేదు. దానికేమన్నా రూలుందా?"

ఇన్‌స్పెక్టరు ఆలోచించాడు. "ఫొటోలకి రూలేం లేదు," అన్నాడు. చుట్టూ చేరిన జనాన్ని చూసి, నోటీసు బహిరంగంగా ప్రదర్శించబడినది, ప్రజలు చదివినారు, చెల్లదగిన అభ్యంతరములు లేవు అని రాసుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. మరిది షట్టర్ ఎత్తాడు. లోపల వాళ్ళు వెలుతురుకి కళ్ళు చికిలించారు. తినడం ఎవరూ మళ్ళీ మొదలుపెట్టలేదు.

లైసెన్సు వచ్చింది. మరిది ఫ్రేము కట్టించుకొచ్చాడు. పెద్దావిడ మళ్ళీ కూర్చుంటూ కూర్చుంటూ మెట్లు దిగి, దగ్గరుండి మేకు కొట్టించింది. రెండు ఫ్రేములూ ఒకే ఎత్తులో, చెయ్యి పట్టేంత ఎడంతో నిలిచాయి. ఒకదాంట్లో మొగుడు, పక్కదాంట్లో ముద్రలూ సంతకాలూ.

జనం వచ్చారు. మరిది చెప్పినట్టే సాయంత్రాలు మెస్ నిండింది. సెల్‌ఫోన్ల షాపువాడు వేరే వీధిలో చోటు చూసుకున్నాడు. మొదటి రోజు వెల్డింగ్ తాత తన మూల బల్ల దగ్గర కూర్చుని, గ్లాసు ఎత్తి, తలెత్తి గోడ చూశాడు. గ్లాసు దించాడు. లేచి కుర్చీ అటు తిప్పుకుని, గోడకి వీపు పెట్టి, అప్పుడు తాగాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే అదే పని చేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి మెస్‌లో కుర్చీలన్నీ రోడ్డు వైపు తిరిగిపోయాయి. పొద్దున్న మరిది ఎంత సర్దినా, సాయంత్రానికి మళ్ళీ అటే.

గల్లాపెట్టె బల్ల మాత్రం మొదటి నుంచీ ఆ గోడకి ఎదురుగానే ఉంది. దాన్ని కదపడం కుదరదు, నేలకి బిగించి ఉంది. మెస్సక్క అక్కడ కూర్చుని, అడిగినవాళ్ళకి అడిగినంత కొలిచి పోస్తుంది. ఒక చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. చీకటిపడ్డాక షట్టర్ దించుతుంది. నడిమధ్య ఆ పాత నోటీసు ఇంకా ఉంది, జిగురు గట్టిది. సగం చిరిగింది, అభ్యంతరం ఉన్నవాళ్ళు అన్నంతవరకూ కనబడుతుంది. చదివి, తాళం వేసి, మేడెక్కి పడుకుంటుంది.

పొద్దున్నే లేస్తుంది.